నీళ్ళ మీద దారి ఎవరిది

పొద్దున్నే కిటికీలోంచి సరస్సును చూడగానే జినెట్ గుండె జారింది. నీళ్ళ మీద ఒక్క ముడత లేదు. ఎదుటి గట్టున ఎర్రబడుతున్న మేపుల్ చెట్లు ఆకు చెదరకుండా తలకిందులుగా కనబడుతున్నాయి. ఇలాంటి పొద్దుల్లో ఊరు చూడవచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకుని మురిసిపోతారు. నీళ్ళ మీంచి విమానం లేపాల్సినవాళ్ళకు మాత్రం ఇంతకంటే దరిద్రమైన వాతావరణం లేదు. చక్రాలకు బదులు విమానం కింద ఫ్లోట్లనే రెండు బోలు పడవలుంటాయి. గాలి, అలలు లేకపోతే అవి నీళ్ళను కరుచుకుని వదలవు.

ఇది చాలదన్నట్టు, సరిగ్గా ఆమె రేవుకు ఎదురుగా, రోజూలాగే ఒక చిన్న పడవ. అందులో గాలం వేసుకుని ఫెర్నాన్.

ఫెర్నాన్ ఆమె భర్త మార్సెల్‌కు బాబాయి. ఎనభైకి దగ్గరపడ్డాడు. అమెరికాలోని ఈ ఉత్తర మెయిన్ రాష్ట్రంలో ఆయన విమానం వాలని చెరువు లేదంటారు. గుండె బాగాలేదని డాక్టరు చెప్పడంతో లైసెన్సు పోయింది. జినెట్ ఈ వసంతంలో ఒక కుర్ర మాస్టారి దగ్గర నీటి విమానం నేర్చుకోవడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఆయన ఇక్కడ చేపలు పడుతున్నాడు. పడిన చేపను ఇంతవరకూ ఎవరూ చూడలేదు. నీళ్ళ మీద ఉన్నంతసేపూ విమానం కూడా పడవ కిందే లెక్క. అదీ పడవలన్నిటిలో చిట్టచివరిది. తెడ్డు వేసే పసివాడికైనా అది దారి ఇవ్వాల్సిందే. ఈ చట్టం ఆ ముసలాయనకు కంఠతా వచ్చు, ఆ గర్వమంతా ఆయన కూర్చున్న తీరులో ఉంది.

"ఈ సరస్సంతా ఉండగా ఇక్కడే ఎందుకు మావయ్యా?" అని ఆమె చాలాసార్లే అడిగింది.

"చేపలిక్కడే ఉన్నాయమ్మాయ్," అనేవాడు.

పరీక్ష ఇవాళే. పరీక్ష పెట్టే హార్లన్ ప్రాట్ మళ్ళీ మంచు కరిగేదాకా ఇటు రాడు. జినెట్‌కు నేల మీద దిగే విమానం నడిపే లైసెన్సు ఎప్పటినుంచో ఉంది కానీ, నీళ్ళకు వేరే అనుమతి కావాలి. రోడ్డులేని ఒక చిన్న సరస్సు ఒడ్డున మార్సెల్ కట్టుకున్న చెక్క గది ఉంది. అతను పోయాక దాని తలుపు ఎవరూ తీయలేదు. మంచు పడేలోగా ఒక్కసారైనా అక్కడ పొయ్యి వెలిగించాలని ఆమె పంతం. ఇవాళ తప్పితే ఆ పంతం వచ్చే ఏటికే.

ప్రాట్ రేవు మీద అడుగుపెట్టగానే రేవు ఒక పక్కకు ఒరిగింది. అంతటి మనిషి. ఆ బరువును మోయాల్సిన తన బుల్లి విమానాన్ని జినెట్ జాలిగా చూసింది. వంటింట్లో బక్‌వీట్ పిండి అట్లు, మేపుల్ పాకం పెట్టింది. ఆయన తింటూనే ప్రశ్నలు వేశాడు.

"నీళ్ళ మీద మీకొక పడవ ఎదురైంది. దారి ఎవరిది?"

"పడవది."

"తెరచాప పడవైతే?"

"దానిదే."

ప్రాట్ కిటికీలోంచి చూశాడు. "కదలకుండా కూర్చుని గాలం వేసే ముసలాయనైతే?"

"ఆయనది మరీనూ. అందుకే కూర్చున్నాడు!"

రేవుకొచ్చి జినెట్ ఫ్లోట్ల రబ్బరు బిరడాలు ఒక్కొక్కటే పీకి, లోపల ఊరిన నీళ్ళు పంపుతో తోడేసింది. నీటి విమానానికి బ్రేకులుండవు, ఇంజన్ అందుకుందంటే కదిలిపోవడమే. ప్రాట్ ముందు సీట్లో, ఆమె వెనక సీట్లో. విమానం నడిపే కర్ర రెండు సీట్ల దగ్గరా ఉంది. ఎదురుగా ఆయన వీపు తప్ప ప్రపంచం లేదు. ఫెర్నాన్‌కు బోలెడంత దూరంగా చుట్టు తిరిగి, వేగమంతా పెట్టింది. విమానం పరిగెత్తింది, పరిగెత్తింది, గట్టు దగ్గరికొచ్చింది కానీ నీళ్ళను వదల్లేదు. ఆమె వేగం తగ్గించేసింది. రెండోసారీ అంతే.

"ఇంకొక్కసారి చూద్దాం," అన్నాడు ప్రాట్. "తప్పు నేను తిన్న అట్లదే కావచ్చు."

జినెట్‌కు నవ్వు రాలేదు. ఇంజన్ ఆపేసింది. విమానం మెల్లగా తేలుతూ, పడవకు కేక వినబడేంత దూరంలో నిలిచింది. ఆమె తలుపు తీసింది.

"మావయ్యా!"

"దారి నాది."

"నీదే, ఎవరు కాదన్నారు? మోటారేసి కాస్త అటూ ఇటూ తిరుగుదూ. నీళ్ళు కదలాలి."

ఆయన గాలం చుట్టుకోలేదు. "మీ కుర్ర మాస్టారు నేర్పలేదా?"

"నేర్పాడు. అలలు చేసేవాణ్ణి మాత్రం వెంట పంపలేదు."

"వేసవంతా వాడి దగ్గరికి కారేసుకుని పోయావు. నా గుమ్మం ముందునుంచే పోయావు. ఒక్కరోజు ఆగి, మావయ్యా నువ్వు నేర్పు అన్నావా? మార్సెల్‌కి నేర్పిందెవరు?"

జినెట్‌కు చేపల సంగతి ఇప్పుడు అర్థమైంది, సిగ్గూ వేసింది. "లైసెన్సు పోయినవాడివి. విమానం మాటెత్తితే బాధపడతావనుకున్నా."

"ఎత్తకపోతే పడననుకున్నావా?"

"తప్పే మావయ్యా. తప్పయిపోయింది. ఇప్పుడడుగుతున్నాగా."

ముందు సీట్లోంచి గొంతు సవరించుకున్న చప్పుడు వినబడింది. జినెట్ ఆ వీపును అడిగింది, "పరీక్షలో సాయం అడగొచ్చాండీ?"

"అడగకూడదని చట్టంలో ఎక్కడా లేదమ్మా," అంది వీపు.

ఫెర్నాన్ మోటారు తాడు లాగాడు. పడవ వంకరటింకరగా సరస్సునంతా చెరిపేస్తూ పోయింది. మేపుల్ చెట్లు ముక్కలు ముక్కలయ్యాయి. దారి తొలగి పక్కకు పోతూ ఆయన అరిచాడు.

"ముందు కుడిదాన్ని లేపు! రెండూ కలిసి లేవవ్!"

అది కుర్ర మాస్టారూ చెప్పాడు, కంగారులో ఆమే మరిచిపోయింది. ఇంజన్ వేసి వేగం పెట్టగానే అలల మీద విమానం దడదడలాడింది. రెక్కను కాస్త వంచగానే కుడి ఫ్లోట్ నీళ్ళను వదిలింది, ఎడమదీ వదిలింది. జినెట్ గట్టిగా కేక వేసింది. పరీక్షలో కేకలు వేయకూడదనీ చట్టంలో లేదు.

దిగేవేళకు సరస్సు మళ్ళీ అద్దమైంది. అద్దాన్ని చూస్తే ఎంత ఎత్తులో ఉన్నామో తెలియదు. అందుకే గట్టును కంటికి ఆనవాలుగా పెట్టుకుని, మెల్లమెల్లగా కిందికి రావాలి. అలాగే వస్తూ పక్కకు తొంగిచూస్తే, సరిగ్గా ఆమె దిగాల్సిన చోట పడవ, పడవలో గాలం!

"ఈ ముసలాడు!" అని పళ్ళు నూరి, వేగం పెంచి పైకి లేచింది. చుట్టు తిరిగి, అవతలి గట్టు పక్కన నీళ్ళు తగిలిన సంగతి తెలియనంత నెమ్మదిగా దింపింది.

"పడవ అడ్డమొచ్చిందనుకోండి అని అందరినీ అడుగుతుంటాను," అన్నాడు ప్రాట్ రేవు మీద సంతకం పెడుతూ. "నిజంగా ఒకాయన వచ్చి కూర్చోవడం ఇదే మొదలు. పాసయ్యారు."

మధ్యాహ్నానికి గాలి లేచింది. జినెట్ కాఫీ ఫ్లాస్కూ, గది తాళంచెవీ తీసుకుని రేవు చివరకొచ్చింది.

"మావయ్యా! మార్సెల్ గదికి పోతున్నా. రా!"

ఎక్కేముందు ఫెర్నాన్ ఎవరూ అడక్కుండానే ఫ్లోట్ల బిరడాలు పీకి చూశాడు. ఎడమ ఫ్లోట్‌లోంచి గుక్కెడు నీళ్ళు తోడి, ఆమెకేసి కళ్ళెగరేశాడు. ముందు సీట్లో, ఎదురుగా ఉన్న కర్రను ముట్టకుండా చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, బడిపిల్లాడిలా ఒద్దికగా కూర్చున్నాడు. సరస్సు దాటాక కూడా ఆ చేతులు కదల్లేదు. మెడ మాత్రం బిగిసిపోయి ఉంది.

జినెట్ తన చేతులు రెండూ ఆయన చెవుల పక్కనుంచి ముందుకు చాపి, ఖాళీగా ఆడించి చూపించింది.

"అమ్మాయ్! ఎవరు నడుపుతున్నారిప్పుడు?"

"దారి నీదే మావయ్యా."

ఆయన మోకాళ్ళ మీంచి చేతులు తీశాడు.