ఎడమ పెడల్

చదివేవాళ్లు ముందుగా నన్ను మన్నించాలి. నా రాతలో ఒత్తులు, దీర్ఘాలు అక్కడక్కడ తప్పిపోతాయి. ఈ నాలుగు కాగితాలకే నాకు పదకొండు రోజులు పట్టింది. యాభై ఎనిమిదేళ్లు వచ్చాక పలక పట్టినదాన్ని. మా వీధి చర్చి పక్క గదిలో లీలమ్మ టీచరు నాకు అక్షరాలు నేర్పింది. ఈ ఏడాది ఇంట్లో జరిగిన సంగతి ఏదైనా రాయమని ఆమే అంది. కూర్చోగానే, ఎవరికీ చెప్పుకోవాలని లేని సంగతే మొదట గుర్తుకొచ్చింది.

నా మనవరాలు నందినికి పదహారేళ్లు. సైకిల్ పందేలకు పోతుంది. సైకిల్ మాది కాదు, వెస్లీ సారుది. ఆయన రైల్వేలో పని చేస్తాడు. వయసులో ఉన్నప్పుడు తానూ పందేలు తొక్కినవాడు. ఇప్పుడు మా బహదూర్‌పురా పిల్లలు ఆరుగురికి ఊరికే నేర్పుతాడు. మిగతావాళ్లకు సొంత సైకిళ్లున్నాయి. నందినికి ఆయన తన పాతది ఇచ్చాడు.

రోజూ పొద్దున ఐదున్నరకు నందినితో నేనూ జూపార్కు గోడ వెంట ఉన్న రోడ్డుకు వెళ్లేదాన్ని. మా కోడలు తనూజకు పత్తర్‌గట్టిలో చీరల దుకాణంలో పని, ఆమెకు తీరదు. పిల్ల తొక్కుతుంటే నేను గోడ పక్కన కూర్చునేదాన్ని. ఎక్కేటప్పుడు సీటు పట్టుకునేదాన్ని. మా ఆయన బాలనర్సింహ పోయి, కార్వాన్‌లో బర్రెలు అమ్మేసి ఇక్కడ కొడుకు దగ్గరికి వచ్చాక, పొద్దున్నే నాకంటూ ఒక పని దొరికింది అదే.

దసరాకు పది రోజుల ముందు వెస్లీ సారు ఆ సైకిల్‌కు కొత్తరకం పెడళ్లు బిగించాడు. వాటికి వేరే బూట్లు ఉంటాయి. బూటు అడుగున చిన్న ఇనుప ముక్క. దాన్ని పెడల్ మీద పెట్టి నొక్కితే టక్కుమని పట్టుకుంటుంది. ఇక కాలు పైకి లాగినా రాదు. మడమను బయటికి తిప్పితేనే విడుస్తుంది. కాలు జారకుండా ఉంటే బలమంతా చక్రానికే పోతుందట.

మొదటి రోజు నందిని రెండుసార్లు పడింది. పరుగులో కాదు, ఆగిన చోటే. సైకిల్ ఆగుతుంది, కాలు రాదు, నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పక్కకు ఒరిగిపోతుంది. అక్కడ ఆకుకూరలు అమ్మే బుచ్చమ్మ చూసి నవ్వింది.

"ఏందే పిల్లా, సైకిల్‌ను నువ్వు తొక్కుతున్నవా, నిన్ను సైకిల్ తొక్కుతుందా?"

"నవ్వు పెద్దమ్మా, నవ్వు. రేపు నీ తోటకూర మీదనే పడ్తా," అంది నందిని మోకాలు దులుపుకుంటూ.

"పడు. పడితే కట్టలన్నీ నీయే. ఇంటికి తీస్కపో."

వారం తిరిగేసరికి పడడం మానేసింది. ఆగేముందు ఎడమ మడమ దానంతటదే తిరిగేది.

దసరా గురువారం వచ్చింది. పొద్దున్నే సైకిల్ కడిగి పూజ చేశాను. కార్వాన్‌లో మా ఆయన పాల క్యాన్లు తగిలించుకుని తిరిగే సైకిల్‌కు ప్రతి దసరాకూ నేనే చేసేదాన్ని. మా ఇంట్లో మొదటి పసుపు పెడల్‌కు. కష్టపడేది కాలు, కాబట్టి ముందు కాలు పెట్టే చోటుకు అని మా అత్త నేర్పింది. పసుపు రాలిపోకుండా బియ్యప్పిండి, కొంచెం పాలు కలిపి ముద్దలా చేసేవాళ్లం. ఇప్పుడూ అలాగే చేశాను. కొత్త పెడల్ మధ్యలో సందు కనబడింది. అందులో పసుపు బాగా నిలుస్తుందని వేలితో అదిమి నింపాను. ఎడమదానికే ముద్దంతా అయిపోయింది. కుడిదానికి కుంకుమ బొట్టుతో సరిపెట్టాను. నందిని లేచి చూసి, మంచిగుంది నానమ్మా అని ఫోటో తీసుకుంది. సాయంత్రం పైపైన గుడ్డతో తుడిచేసింది.

శుక్రవారం పొద్దున గోడ మలుపు దగ్గర పాల వ్యాను అడ్డం వచ్చింది. నందిని బ్రేకు వేసింది. ఎడమ కాలు రాలేదు. మోచేతి మీద పడింది. వ్యాను చక్రం ఆమె తలకు రెండు మూరల దూరంలో ఆగింది. వెస్లీ సారు వెనకే వస్తూ అంతా చూశాడు.

"ఏమైంది నందినీ?"

"కాలు వస్తలేదు సార్. తిప్పిన. రాలే."

"లెఫ్ట్ కాలే కదా. నిరుడు బెణికింది గూడ అదే." ఆయన వంగి పిల్ల చీలమండను వేళ్లతో నొక్కి చూశాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "చూడు బిడ్డా, సెలక్షన్ రేసుల నీ వెనక ముప్పై మంది ఉంటరు. నువ్వు గిట్ల పడితే వాళ్లందరు నీ మీద పడ్తరు. ఆదివారం పొద్దుగాల పదిసార్లు ఆపి చూపియ్యి. ఒక్కసారి పడినా ఏం కాదు, రెండోసారి పడితే మాత్రం ఈ ఏడు నీ పేరు పంపను. సైకిల్ కొత్తగ నేర్చుకుంటనంటున్న స్వీటీకి ఇస్త. కోపం జెయ్యకు."

ఆ రోజు సాయంత్రం మా గల్లీలో నందిని ఇంకో నాలుగుసార్లు పడింది. ఇంటికొచ్చి వేడి నీళ్లలో కాలు పెట్టుకుని కూర్చుంది. చీలమండను చేత్తో కొట్టుకుంటూ, "దీని పాడుగాను, గిప్పుడే దొరికిందా దీనికి," అని తిట్టింది.

శనివారం ఆమె బూట్లు కడుగుతుంటే ఎడమ బూటు కింది ఇనుప ముక్క చుట్టూ పసుప్పచ్చని గట్టి పెచ్చు కనబడింది. గోటితో గీరితే రాలేదు. పిన్నీసుతో పొడిస్తే పొరగా లేచింది. వాసన చూశాను. నా బియ్యప్పిండి, నా పసుపు.

అక్కడే, నల్లా దగ్గరే కూర్చుండిపోయాను. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. తనూజ కోపంగా ఏమీ అనదు, కానీ "అత్తమ్మా, ఇగ మీరు సైకిల్ దగ్గరకు పోకుండ్రి," అంటుంది. ఆ ఒక్క మాటతో నా పొద్దులన్నీ పోతాయి. పెచ్చు మొత్తం తీసేశాను, ఇక సరిపోతుందిలే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం నందిని మళ్లీ తొక్కింది. మళ్లీ పడింది. పెడల్ లోపల ఇంకెంత ఉందో నాకేం తెలుసు?

ఆమె లేచి సైకిల్‌ను గోడకు ఆనించింది. ఏడవలేదు.

"రేపు సార్ రాంగనే సైకిల్ ఇచ్చేస్త నానమ్మా. ఆయనతోని ఇచ్చెయ్యమని చెప్పించుకునుడు ఎందుకు? నా కాలే మంచిగ లేదు."

"గట్లనకు బిడ్డా," అన్నాను.

ఆదివారం వెస్లీ సారు వచ్చేసరికి నందిని సైకిల్ తుడిచి, బూట్లు హ్యాండిల్‌కు తగిలించి పెట్టింది. తాను అనుకున్న మాట ఆయనకు చెప్పింది. ఆయన తల ఊపి, సీటు మీద చెయ్యి వేశాడు. అప్పుడు నేను గోడ దగ్గర నుంచి లేచాను.

"సారూ, పిల్ల కాలుకు ఏం కాలే. పెడల్ల పసుపు ఉన్నది. దసరానాడు నేనే నింపిన."

ఆయనకు మొదట అర్థం కాలేదు. కింద కూర్చుని, జేబులోంచి సన్నని స్క్రూడ్రైవర్ తీసి ఎడమ పెడల్ స్ప్రింగు వెనక గుచ్చాడు. పసుపు రంగు ముక్కలు రాలి పడ్డాయి. ఇంకా గుచ్చాడు. ఇంకా రాలాయి.

"ఏందమ్మా గిది," అన్నాడు నవ్వు ఆపుకుంటూ. "పెడల్‌కు పెండ్లి చేసిండ్రా? దీంట్లకెల్లి ఒక రొట్టె అయితది."

నేను నవ్వలేదు. నందిని నన్నే చూస్తోంది.

"నీకు ఎప్పుడు తెల్సింది నానమ్మా?"

"నిన్న పొద్దుగాల. బూట్లు కడుగుతుంటే."

"నిన్న పొద్దుగాలనా." గొంతు పెంచలేదు. "మరి సాయంత్రం నేను పడుతుంటే చూసుకుంట కూసున్నవా? కాలు మంచిగ లేదని నేనంటే ఊకున్నవా?"

"ఊకున్న."

ఆమె ముఖం తిప్పుకుంది. వెస్లీ సారు బుచ్చమ్మ దగ్గర నీళ్లు తీసుకుని, పాత బ్రష్షుతో పెడల్‌ను బాగా రుద్ది, నూనె వేశాడు. నాలుగుసార్లు చేత్తో నొక్కి చూసి, "ఎక్కు," అన్నాడు.

అలవాటుగా నేను సీటు పట్టుకోబోయాను. "వద్దు," అంది నందిని. చెయ్యి తీసేశాను.

మూడుసార్లు చక్కగా ఆగింది. నాలుగోసారి పడింది. ఈసారి పెడల్ తప్పేం లేదు. మడమ తిప్పాలా వద్దా అని వెనకాడి, ఆలస్యం చేసింది. మూడు రోజుల భయం ఒక్కసారి కడిగితే పోతుందా?

"ఒకటి అయిపోయింది," అన్నాడు వెస్లీ సారు. "ఇంకోటి లేదు. యాదిల పెట్టుకో."

నందిని లేచి మోచెయ్యి చూసుకుంది. తర్వాత నా వైపు చూడకుండానే అంది. "ఆ స్తంభం కాడ నిలబడు. నేను వచ్చి నీ ముంగట ఆగుత. పట్టుకోనీకి రావద్దు. పడినా సరే, రావద్దు."

కరెంటు స్తంభం దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. రెండు చేతులూ వెనక్కి పెట్టి కొంగును ముడేసినట్టు పట్టుకున్నాను. ఆమె దూరం నుంచి వేగంగా వచ్చింది. నా మీదికే వచ్చింది. కళ్లు మూసుకోకూడదని గట్టిగా అనుకున్నాను. జానెడు దూరంలో చక్రం ఆగింది, టక్కుమంది, ఎడమ కాలు నేల మీద ఉంది. ఆమె ఊపిరి నా ముఖానికి తగిలింది. సైకిల్‌ను వెనక్కి తిప్పుకుని వెళ్లింది.

అలా ఇంకో ఐదుసార్లు వచ్చింది. ఒకసారి సైకిల్ ఒరిగింది. నా కాలు ముందుకు పడబోయింది. అంతలో ఆమె మడమ తిరిగింది.

"పది," అన్నాడు వెస్లీ సారు. "పేరు పంపిస్త. వచ్చే ఆదివారం రేసుకు లేట్ చెయ్యకు."

నందిని ఆయనకు దండం పెట్టి, సైకిల్ తొక్కుకుంటూ ఒక్కతే ఇంటికి వెళ్లింది. నేను బుచ్చమ్మ దగ్గర రెండు కట్టల పాలకూర తీసుకుని నడుచుకుంటూ వచ్చాను. ఆ రోజంతా ఆమె నాతో మాట్లాడలేదు. తనూజకు విషయం తెలిసి నేను అనుకున్న మాటే అంది. సరే అన్నాను.

సోమవారం ఎప్పటిలాగే ఐదింటికే మెలకువ వచ్చింది. పిలవకపోతే లేవొద్దని మంచం మీదే కూర్చున్నాను. బయట సైకిల్ తాళం తీసిన చప్పుడు. గేటు చప్పుడు. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. వెళ్లిపోయిందనుకుని దుప్పటి మడతపెట్టసాగాను.

నందిని బూట్లు చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

"వస్తవా రావా? బండ్లు మొదలైతయి మల్ల," అంది.

రాజమణి
వయసు అరవై రెండేళ్లు
ఇప్పుడు ఉండేది బహదూర్‌పురా, కొడుకు ఇంట్లో