ఆవిరి పాఠం

ఆ ఊరి మిడిల్ స్కూల్లో సైన్సు చెప్పేవాళ్లు ఇద్దరు: పీర్ మహమ్మద్, ఆయన తర్వాత చేరిన సదాశివ. నిజాం సర్కారు రోజుల్లో పుస్తకాలన్నీ ఉర్దూలోనే ఉండేవి. పీర్ సాబు పాఠం ఓసారి చదివి, పిల్లల బుర్రకెక్కేలా తెలుగులో మళ్లీ చెప్పేవాడు. సదాశివ మాత్రం తెలుగు ముక్క నోట రానిచ్చేవాడు కాదు. తన ఉర్దూ చూసుకుని ఆయనకు అంత మిడిసిపాటు.

పోలీసు యాక్షన్ అయింది. చదువులు తెలుగులోకి మారాయి. సైన్సుకు ఒక్క పంతులు చాలన్నారు. తెలుగులో పాఠం చెప్పి చూపించమని ఇద్దరినీ సికింద్రాబాద్ పిలిచారు. నెగ్గనివాడి నౌకరీ పోతుంది. సదాశివ ఎన్నడూ తెలుగులో పాఠం చెప్పినవాడు కాదు. నీళ్లు ఆవిరి కావడం తెలుగులో ఎట్లా చెప్పాలో పీర్ సాబే రైల్లో దారి పొడుగునా నేర్పించాడు.

మారేడ్‌పల్లి బడిలో ముందు సదాశివను పిలిచారు. ఆరేసిన చీర, ఉడికే పప్పు, ఎండకు ఇంకిన కుంట... పీర్ సాబు మాటలే పొల్లుపోకుండా అప్పజెప్పాడు. బెజవాడ నుంచి కొత్తగా వచ్చిన అధికారి తెగ మెచ్చుకున్నాడు.

"భేషుగ్గా ఉందండీ! బయటున్న సాయిబుగారికి తెలుగెక్కడొస్తుంది లెండి. పిలిచి ఇబ్బంది పెట్టడమెందుకు? ఏమంటారు?"

వస్తుందండీ అంటే చాలు. ఆ ఒక్క మాటకు సదాశివ నోరు పెగల్లేదు. తలవంచుకున్నాడు. అదే జవాబనుకుని అధికారి సదాశివ పేరే ఖాయం చేసేశాడు. అప్పుడైనా మహానుభావుడు పెదవి విప్పలేదు, చూశారా!

సదాశివ బయటికొచ్చేసరికి వరండాలో, తెరిచిన కిటికీ పక్కనే పీర్ సాబు కూర్చుని ఉన్నాడు. అంతా విన్నాడని మొహమే చెబుతోంది.

"మంచిగ చెప్పినవ్ సదాశివ. చీర ముచ్చట దగ్గర జెర తొందరపడ్డవ్ గని," అన్నాడు.

వెనకే వచ్చిన అధికారి ఆగిపోయాడు. "అరే, మీకు తెలుగు వచ్చా?" అని సదాశివ వైపు తిరిగాడు. "మరి మీరు చెప్పలేదేం?"

సదాశివకు ఉన్నచోటనే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఇప్పుడు పీర్ సాబు నిజం చెబితే నౌకరీ ఆయనదే.

పీర్ సాబు లేచి నిలబడ్డాడు. "గీ నాలుగు మాటలే వస్తయి సాబ్. గవి సుత మా సదాశివే నేర్పిండు."

సదాశివ అప్పుడు కూడా కాదనలేదు.