రెండో శాంపిల్

బుచ్చిరాములు కాలి బొటనవేలికి ఒక చెడ్డ అలవాటుండేది. నెలకో, రెండు నెలలకో ఎవరూ పిలవకుండానే ఎర్రగా ఉబ్బి కూర్చునేది. దుప్పటి అంచు తగిలినా మనిషి మంచం మీద లేచి కూర్చుని కేకలు పెట్టేవాడు.

"ఇది యేలు గాదు గిరీ, నా బామ్మర్ది. ఎప్పుడొస్తదో తెల్వదు. వచ్చిందంటే నాలుగు రోజులు కదలదు" అనేవాడు. మందుల షాపులో నొప్పి గోళీలు కొని మింగి, ఎడమ చెప్పు సగమే తొడుక్కుని డ్యూటీకి వచ్చేవాడు.

మేమిద్దరం మల్లాపూర్‌లో ఒక పెయింట్ల ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ మనుషులం. ఆయన ఇన్‌ఛార్జి, నేను రెండో సంతకం. ఆయన నాచారంలోనే పుట్టి పెరిగినవాడు. నాది కాకినాడ పక్కన పల్లె. ఇరవై రెండేళ్ళ కిందట ఉప్పల్లో బస్సు దిగాను. ఆయన రంగులు చూసేవాడు, నేను పక్కన నిలబడి మాటలకి రంగులేసేవాణ్ణి. నా గొంతు పెద్దది. నేనొక మాట విరిస్తే ప్యాకింగ్ సెక్షన్ దాకా వినబడుతుంది.

మా పని పద్ధతి ఒకటి చెప్పాలి. డ్రమ్ములో పెయింటు నిలవుంటే చిక్కటిది అడుక్కి దిగిపోతుంది. అడుగు నుంచి తీసిన శాంపిల్ ఫెయిలవుతుంది. అప్పటికే గేటు దగ్గర లారీ హారన్ కొడుతూ ఉంటుంది. కాబట్టి రెండో శాంపిల్ తీస్తాం, పైపైన. అది పాసవుతుంది. పాసైన కాగితం ఫైల్లోకి, ఫెయిలైన కాగితం నా సొరుగులోకి వెళ్ళిపోతాయి. దీన్ని మోసమని మేమెన్నడూ అనుకోలేదు. రీచెక్ అనేవాళ్ళం.

ఫిబ్రవరిలో ఫ్యాక్టరీకి రక్తపరీక్షల వాళ్ళొచ్చారు, ఏటా వచ్చినట్టే. వారానికి రిపోర్టులు వచ్చాయి. రాములన్న కాగితంలో యూరిక్ యాసిడ్ 9.4 అని, దాని పక్కన నల్లటి నక్షత్రం. ఏడు దాటకూడదని దాని పక్కనే అచ్చేసి ఉంది.

"ఊరికే వచ్చిన యాసిడ్ అన్నా! ఊరికే వచ్చినదాన్ని ఎవరైనా వదులుకుంటారా?" అని అరిచాను. క్యాంటీన్ మొత్తం నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ మాట ఇప్పుడు తిరిగి రాయడానికి చెయ్యి రావడంలేదు.

ఆ సాయంత్రం ఇద్దరం నాచారంలో డాక్టర్ బిందుమాధవి దగ్గరికి వెళ్ళాం. చిన్న వయసు ఆవిడ. కాగితం చదివి, బీపీ చూసి, "మీ నాన్నగారు ఎలా పోయారు?" అని అడిగింది.

"గుండెతోని మేడమ్. యాభై నాలుగేండ్లకు. నాకిప్పుడు యాభై రెండు."

"ఈ అంకె ఒక్కటి చూసి గుండెపోటు వస్తుందని నేను చెప్పను. కానీ యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్ళలో గుండెపోట్లు ఎక్కువ కనిపిస్తున్నాయి. మీకు బీపీ ఉంది, ఇంట్లో చరిత్ర ఉంది. ఈసీజీ, ఎకో ఈ వారంలోనే చేయించండి. మీ వేలు వాచేది కూడా ఈ యూరిక్ యాసిడ్ వల్లే, దానికి మాత్ర రాస్తాను, రోజూ వేసుకోవాలి. బీరు, బోటి, కార్జం లాంటి మాంసాలు బంద్. ఆ నొప్పి గోళీలు మీ ఇష్టమొచ్చినట్టు మింగకండి, గుండెకి మంచివి కావు."

బయటికొచ్చాక రాములన్న చీటీ నాలుగు మడతలు పెట్టాడు.

"యేలు నొస్తుందంటే గుండె సూపెట్టుమంటది. రేపు పన్ను నొస్తే మోకాలు సూపెట్టుమంటదేమో."

"ఇంట్లో ఏమని చెబుతావన్నా?"

"సంతోషికా? దానికి తెలిస్తే బోటి గాదు, పొయ్యే బంద్ జేస్తది. గీ సాయంత్రమే నన్ను గుంజుకపోయి దవాఖానల పండవెడ్తది."

సంతోషి ఆయన భార్య, అంగన్‌వాడీ టీచరు. నలభై మంది పిల్లల బరువు ప్రతి నెలా తూచి రాసే మనిషి. ఏ బిడ్డ బరువు తగ్గినా ఆ రోజే తల్లిని పిలిపిస్తుంది. ఆయన చెప్పింది నిజమే. గుంజుకుపోయేది. అలా గుంజుకుపోనివ్వాల్సింది.

నేనేమన్నానంటే, "రెండో శాంపిల్ తీద్దామా?"

ఆయన ముఖం విప్పారింది. మా ఇద్దరికీ తెలిసిన బాట అదొక్కటే.

రెండు వారాలు తయారీ జరిగింది. ఆయన రోజుకి మూడు సీసాల నీళ్ళు తాగాడు. నా సలహా మీద పప్పు మానేశాడు. పప్పు మానేసి మరీ ఇద్దరం పప్పులో కాలేశాం. మాత్ర మాత్రం కొననేలేదు. పరీక్షకి పోదామనుకున్న వారమే వేలు వాచింది. నాలుగో రోజుకి నొప్పి తట్టుకోలేక సెలవు పెట్టాడు. ఎలాగూ సెలవే కదా అని ఆటోలో ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర వేరే ల్యాబ్‌కి తీసుకెళ్ళాను. కుంటుతూ రక్తమిచ్చి వచ్చాడు.

6.7 వచ్చింది. నక్షత్రం లేదు.

"పాస్!" అని ల్యాబ్ బయటే అరిచాను. అలవాటు కొద్దీ కాగితం అడుగున చిన్న సంతకం కూడా గీశాను. ఆ కాగితం సంతోషి చేతికెళ్ళింది. 9.4 నా సొరుగులోకెళ్ళింది. ఎకో చేయించే మాట మళ్ళీ రాలేదు. ఆదివారం వాళ్ళింట్లో బోటి కూర వండారు. నాకూ పెట్టారు.

ఏప్రిల్ మొదటివారం, పొద్దున్న పదకొండు. తెల్ల ఎనామెల్ డ్రమ్ముల మధ్య రాములన్న నిలబడిపోయాడు. "గిరీ, జర గ్యాస్ వట్టినట్టుంది" అన్నాడు. చొక్కా తడిసిపోయింది. దవడ పట్టుకున్నాడు. నేను క్యాంటీన్‌కి పరుగెత్తి సోడా తెచ్చాను. "గ్యాసైతే పొయ్యి మీద పెట్టుకుందాం, లేవన్నా" అని ఒక మాట కూడా వదిలాను. సోడా తాగించడంలో, తేన్పు కోసం ఎదురుచూడటంలో ముప్పావుగంట పోయింది. తేన్పు రాలేదు. అప్పుడు కంపెనీ వ్యాన్ ఎక్కించాం.

రెండు స్టెంట్లు వేశారు. మనిషి బతికాడు. మర్నాడు పెద్ద డాక్టరు సంతోషిని పిలిచి, ఈమధ్య ఏమైనా పరీక్షలు చేయించారా అని అడిగాడు. ఆమె హ్యాండ్‌బ్యాగు తీసి, జాగ్రత్తగా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్న కాగితం ఇచ్చింది.

"రక్తం టెస్టు జేయించిండు సార్. యూరిక్ యాసిడ్ నార్మలే ఉండె."

నేను గోడకానుకుని నిలబడ్డాను. ఆమె మందులకోసం కిందికి వెళ్ళాక, ఆ పొద్దున్నే సొరుగులోంచి తెచ్చిన మొదటి కాగితం డాక్టరు బల్ల మీద పెట్టాను.

ఆయన రెండింటి తేదీలూ చూశాడు. "రెండోది తీసినప్పుడు వేలు వాచి ఉందా?"

"ఉందండి."

"వాపు మీదున్నప్పుడు కొందరికి రక్తంలో తక్కువ కనబడుతుంది. తగ్గిందని కాదు. వాపు పోయిన రెండు మూడు వారాలకి మళ్ళీ చూడాలి."

"మొదటిది చూడగానే వచ్చుంటే?"

"చెప్పలేను. యూరిక్ యాసిడే ఈ పని చేసిందని కూడా చెప్పలేను. అది ఒక హెచ్చరిక. ఆ అంకె పట్టుకుని రెండు నెలల ముందు వచ్చుంటే ఎకో చేసేవాళ్ళం, నాళాలు చూసేవాళ్ళం. ఇప్పుడు గుండె కండరం సగం పోయాక చూస్తున్నాం."

గుండె పంపు ముప్పై శాతమే ఉందన్నారు. మామూలు మనిషికి అరవై దాకా ఉంటుందట. పంపు అంటే పంపేది కదా. రాములన్న గుండె ఇప్పుడు సగమే పంపుతోంది, మిగతాది తనదగ్గరే అట్టేపెట్టుకుంటోంది. ఇలాంటి మాటలు నా బుర్రలో వాటంతటవే తయారవుతాయి. ఆసుపత్రి వరండాలో కూడా ఆగలేదు.

ఇంటికొచ్చిన పదో రోజు, సంతోషి అంగన్‌వాడీకి వెళ్ళిన వేళ ఫోన్ చేసి పిలిచాడు. మంచం మీద మూడు దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. పడుకుంటే ఆయాసమట.

"ముప్పై తప్పు గిరీ. వేరే సెంటర్ల ఎకో తీపిద్దాం."

"అన్నా, మందులు వేసుకుంటున్నావా?"

"పదకొండు గోళీలు రాసిండ్రు. నాలుగేస్కుంటున్న. ఆ ముప్పై తప్పని తేలితే గన్ని ఎందుకు మింగాలె? జెర పాస్ గానియ్యి, సూద్దాం."

వద్దంటే ఆ ఏడు మాత్రలూ వేసుకోడు. సరేనంటే మళ్ళీ రెండో శాంపిల్ తీసినవాణ్ణవుతాను. చివరికి రామంతాపూర్‌లో ఒక సెంటరుకి ఆటోలో తీసుకెళ్ళాను.

ఇరవై తొమ్మిది వచ్చింది.

మెట్లమీదికి వచ్చాక ఆయన ముఖం చూడలేక నోరు జారాను. "ఎకో కదన్నా. అక్కడన్నదే ఇక్కడా అంది."

ఆయన నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఊపిరి అందక రెయిలింగ్ పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. పెదాలు నీలంగా మారాయి. నేను వీపు నిమురుతూ కూర్చున్నాను. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. ఐదు నిమిషాలకి మనిషి తేరుకున్నాడు.

"నవ్వియ్యకురా" అన్నాడు. నా చేతిలో కాగితం చూసి, "ఇంకోటి తీపిద్దామా?"

"వద్దన్నా. ఇదే డ్రమ్ము అడుగు."

ఆయన తల వంచుకుని బొటనవేలు చూసుకున్నాడు. అది ఆ రోజు వాచలేదు.

"తొమ్మిది పాయింట్ నాలుగు సంగతి సంతోషికి చెప్పినవా?"

"లేదు."

"నువ్వే చెప్పు. నాకు ఊపిరి సాలదు."

ఇంటికొచ్చేసరికి సంతోషి గేటు దగ్గరుంది. చేతిలో విప్పని మాత్రల స్ట్రిప్పులు. దిండు కింద దొరికాయట. ఆయన్ని లోపల పడుకోబెట్టి మళ్ళీ బయటికొచ్చింది. నిలబడే మొత్తం చెప్పాను: మొదటి కాగితం, బిందుమాధవి మాట, నా సలహా, సోడా. ఆసుపత్రి నుంచీ జేబులోనే ఉన్న ఆ మొదటి కాగితం చేతికిచ్చాను. మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా వేలితో చదివింది. నక్షత్రం దగ్గర వేలు ఆగింది.

"గిది నాకు సూపెడితే గా రోజే తోలుకపోతుంటి."

"తెలుసు చెల్లెమ్మా. అందుకే చూపెట్టలేదు."

"మీ ఫ్యాక్టరీల గోడకేసే రంగు గదన్నా. పోతే మల్లేస్కుంటరు."

ఆమె కాగితం మడిచి కొంగున కట్టుకుంది.

"రేపటి సంది దవాఖానకు నేనే తోలుకపోత. గోళీలు నేనే ఏస్త. నువ్వు రాకు."

"చెల్లెమ్మా, ఒక్కదానివే ఎలా..."

"నవ్వితే ఆయాసమొస్తున్నదన్నా ఆయనకు. నిన్ను సూస్తేనే నవ్వుతడు."

లోపల నుంచి రాములన్న పిలిచాడు, "ఎవరే? గిరేనా?"

"పోయిండు" అని సంతోషి లోపలికెళ్ళి తలుపు వేసింది. నేనింకా గేటు దగ్గరే ఉన్నాను.