రెండు టీవీలు, ఒక రిమోటు

కోడలికి వంటింట్లో వేరే టీవీ పెట్టించారని వీధంతా చెప్పుకుంది. పక్కింటావిడ గుమ్మంలో నిలబడి మరీ చూసి, "అదృష్టమంటే నీదేనమ్మా" అని బుగ్గలు నొక్కుకుంది. పేరు గొప్ప ఊరు దిబ్బ అని ఆవిడకేం తెలుసు? ఆ టీవీ ముందు పది నిమిషాలు నిలబడితే తెలిసేది.

సంగతేమిటంటే, ఇంట్లో ఉన్న సెట్‌టాప్ బాక్సు ఒక్కటే, అదీ ముందుగదిలో. దాన్నుంచి వచ్చే బొమ్మని రెండుగా పంచే చిన్న డబ్బా ఒకటి పక్కన పెట్టి, ఒక తీగ ముందుగది టీవీకి కలిపి, రెండోది గోడ కన్నంలోంచి వంటింటి అలమర మీది టీవీకి లాగాడు మొగుడు. పనికి వంక పెట్టడానికి లేదు. టీవీలు బిగించడమే ఆయన బతుకుతెరువు, చెయ్యి తిరిగినవాడు. కాకపోతే ముందుగదిలో ఏది వస్తే వంటింట్లోనూ అదే వస్తుంది, రిమోటు మాత్రం మామగారి చేతిలో ఉంటుంది.

మామగారు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఏ స్టాపులోనూ రెండు నిమిషాలకు మించి ఆగని అలవాటు ఆయన బొటనవేలికి అలాగే ఉండిపోయింది. కాసేపు కుస్తీలు, కాసేపు వార్తలు, సగం పాత సినిమా, మళ్లీ కుస్తీలు.

కోడలికి కావలసింది రోజుకి ఒక్క గంట. సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా చదువుల చానెల్లో పదో తరగతి లెక్కలు చెబుతారు. ఆసుపత్రిలో ఆయాగా పదకొండేళ్లుగా రోగుల పక్కలు మారుస్తోంది, బక్కెట్లు మోస్తోంది. పది పాసైతే ల్యాబులో సహాయకురాలిగా వేయిస్తానని హెడ్ నర్సు మాటిచ్చింది. ఈసారి తప్పితే ఆ పోస్టు ఇంకొకరికి పోతుంది. కిందటిసారి అన్ని సబ్జెక్టులూ గట్టెక్కినా లెక్కల్లో నాలుగు మార్కులు తక్కువై తన్నేసింది. పరీక్షకి ఇంక పంతొమ్మిది రోజులే ఉన్నాయి. చేతిలో ఉన్నదేమో బటన్ల ఫోను, అందులో పాఠాలు రావు.

ఆ రోజు త్రిభుజాల పాఠం. పంతులమ్మ బోర్డు మీద గీత గీసి, "ఈ రెండు కోణాలూ ఎందుకు సమానమంటే" అన్నదో లేదో, చెడ్డీ వేసుకున్న వస్తాదు ఒకడు ఇంకొకణ్ణి ఎత్తి కుదేశాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. ఆమె గరిటె పట్టుకునే ముందుగదిలోకి వెళ్లింది.

"మామయ్యా, ఆరయ్యేదాకా ఆ చానెల్ ఉంచరూ? పరీక్ష దగ్గరికొచ్చేసింది."

"నీ టీవీ నీకుందిగా అమ్మాయ్. అందులో చూసుకో."

"ఇందులో ఏదొస్తే అందులోనూ అదే కదండీ వచ్చేది!"

"అదేంటి? టీవీలు రెండైతే బొమ్మలు రెండు రావూ? వాణ్ణడిగి బాగుచేయించుకో మరి," అన్నారాయన, కళ్లు కుస్తీ మీంచి తిప్పకుండానే.

పోనీ తెలియక అన్నారు, పెద్దాయన అనుకుని సర్దుకుంది. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చి, స్క్రూడ్రైవరు కోసం మొగుడి పాత సంచీ వెతుకుతుంటే అట్టపెట్టె ఒకటి దొరికింది. వంటింటి టీవీ తీగతో పాటు వచ్చిందే. సీలు విప్పి చూస్తే లోపల ఒక చిన్న రిమోటు, వైరు చివర శనగగింజంత నల్ల కన్నులు రెండు, బొమ్మలు వేసిన కాగితం. ఒక కన్ను వంటింట్లో, రెండోది బాక్సు ముందు పెడితే, వంటింట్లో నొక్కినా చానెల్ మారుతుంది. మొగుడు ఎవరింట్లో రెండో టీవీ బిగించినా ఈ కన్ను పెట్టందే నిచ్చెన దిగడు. సొంత ఇంటి పెట్టెకి మాత్రం సీలైనా విప్పలేదు.

రాత్రి భోజనాల దగ్గర ఆ పెట్టె తెచ్చి మొగుడి కంచం పక్కనే పెట్టింది.

"ఇదేంటండీ?"

"నాన్న వద్దన్నాడు," అన్నాడు మొగుడు. "ఇద్దరి చేతుల్లో రిమోట్లుంటే ఇంట్లో రోజూ గొడవేనట."

"అంటే ఇది ఉందని మామయ్యకి తెలుసా?"

"ఆయనే లోపల పెట్టెయ్యమన్నాడు. ఎందుకే ఇప్పుడు రాద్ధాంతం?"

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. మామగారి మీద వచ్చిన కోపం ఒక ఎత్తు, మొగుడి మీద వచ్చింది పది ఎత్తులు. పెద్దాయన అడ్డం పడ్డారు సరే, పని తెలిసిన ఈయన తన ఇంట్లో సగం పని చేసి, ఊరి దగ్గర పూర్తి మెచ్చుకోళ్లు పుచ్చుకున్నాడు. మూడు నెలలుగా ఆమెకి కుస్తీలు చూపించాడు.

మర్నాడు మామగారు షికారుకి వెళ్లగానే కాగితం ముందు పెట్టుకుని కన్నులు రెండూ తనే బిగించింది. ఆసుపత్రిలో సెలైన్ గొట్టాలు కలిపే నర్సులకి పదకొండేళ్లు చేతికందించినదానికి ఇదొక లెక్కా?

అయిదింటికి పాఠం పెట్టింది. మామగారు కుస్తీలు పెట్టారు. ఆమె పాఠం పెట్టింది. నాలుగుసార్లు అలా అయ్యాక ఆయన కొడుక్కి ఫోన్ చేశారు. "ఒరేయ్, టీవీకి పిచ్చెక్కింది, తొందరగా రా!" పక్క వీధిలోనే పనిలో ఉన్న కొడుకు పరుగున వచ్చాడు. బాక్సు ముందున్న నల్ల కన్ను చూడగానే అతనికి అర్థమైంది. తండ్రి చెవిలో ఏదో అన్నాడు. మామగారు లేచి టప్పున బాక్సు స్విచ్చి కట్టేశారు. వంటింటి టీవీ నల్లబడింది.

ఆమె గరిటె కింద పెట్టింది. నోటు పుస్తకం, పెన్సిలు, చిన్న రిమోటు పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. ఎవరివైపూ చూడకుండా స్విచ్చి వేసి, పాఠం పెట్టుకుని, పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఎన్నడూ కూర్చోని సోఫాలో మామగారి పక్కనే కూర్చుంది.

"ఏంటిది, పెద్దంతరం చిన్నంతరం లేదా?" అని మామగారు రిమోటు ఎత్తారు.

"మార్చండి మామయ్యా. మళ్లీ పెడతాను. ఆరయ్యేదాకా ఇక్కణ్ణుంచి కదలను. ఈ ఇంట్లో మీరు చూసిందంతా నేను చూశాను. ఈ గంట నేను చూసేది మీరు చూడండి."

ఆయన కొడుకు వైపు చూశారు. కొడుకు గోడ వైపు చూశాడు. టీవీలో పంతులమ్మ రెండు కోణాలకీ గుర్తులు పెడుతోంది. కోడలు వంచిన తల ఎత్తకుండా అదే బొమ్మ గీసుకుంటోంది.

"ఒసేయ్, పొయ్యి మీద కూర మాడుతోందే!" అన్నాడు మొగుడు, దొరికిందే సందని.

"అయితే వెళ్లి దించండి," అందామె గీత గీసుకుంటూ. "పాఠం పోతుందని బెంగ పడకండి, అక్కడా వస్తూనే ఉంటుంది."