జైతూన్ ఖాలా స్నానానికి నీళ్ళు

జైతూన్ ఖాలా తెల్లవారుజామున, ఫజర్ నమాజు వేళకి పోయింది. ముందురోజు మధ్యాహ్నం పోయిన కరెంటు ఆమె పోయేదాకా రాలేదు. రేకుల కప్పు కింద, గాలి ఆడని గదిలో, కోడలు గుల్ బీబీ రాత్రంతా అట్టముక్కతో విసురుతూనే ఉంది. అజాన్ వినపడ్డాక ముసలావిడ కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. గుల్ బీబీ గ్లాసుతో వచ్చేలోపే ఊపిరి ఆగిపోయింది.

కరాచీలోని ఆ రహ్మత్ కాలనీ గల్లీలో ఆడవాళ్ళెవరు పోయినా ముందు కబురు వెళ్ళేది కనీజ్ ఫాతిమాకే. చివరి స్నానం చేయించే పద్ధతి ఆమె తన తల్లి దగ్గర నేర్చుకుంది. ఎవరు పిలిచినా వెళ్తుంది, పైసా ముట్టదు. కబురొచ్చినప్పుడు కనీజ్ పొయ్యి ముందు కూర్చుని సమోసా పట్టీలు కాలుస్తోంది. పలచగా వత్తి, పెనం మీద ఒక్క క్షణం అలా ఆరబెట్టి, కోసి బేకరీలకి వేస్తుంది. పైపు గ్యాసు వచ్చేది తెల్లవారుజామునే. ఆ కాసేపట్లో పని కాకపోతే ఆ రోజు సంపాదన పోయినట్టే. అయినా పొయ్యి ఆర్పేసింది. పిండి మీద తడిగుడ్డ కప్పి దుపట్టా సర్దుకుంది.

"నేను వెళ్తున్నాను. గుల్ బీబీ వాళ్ళ అత్తగారు పోయారట," అంది భర్తతో.

అఖ్లాఖ్ అహ్మద్ అప్పటికే లేచి గుమ్మంలో కూర్చున్నాడు. తువ్వాళ్ళ మిల్లులో ముప్ఫై ఏళ్ళ నుంచి పని చేస్తున్నాడు. కరెంటు ఛార్జీలు భరించలేక మిల్లువాళ్ళు వారంలో సగం రోజులు మగ్గాలు ఆపేస్తున్నారు. జీతమూ సగమే. ఇంటికొచ్చే కరెంటు బిల్లు మాత్రం ఇంటద్దెని దాటిపోయింది. తందూరు రొట్టె రేటు పెరిగింది, సైజు తగ్గింది. ఇంట్లో టీలోకి పాలు ఆగిపోయి చాలా కాలమైంది. ఏం జరిగినా అఖ్లాఖ్ నోట ఒకటే మాట: సర్దుకుందాం.

"ఇన్నా లిల్లాహి," అని నిట్టూర్చాడు. "మంచి మనిషి. మరి నీళ్ళున్నాయా వాళ్ళింట్లో?"

కనీజ్ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ సంగతి ఆమెకి తట్టనేలేదు.

గుల్ బీబీ ఇంట్లో నీళ్ళు లేవు. తొట్టి అడుగున పాకుడు తప్ప ఏమీ లేదు. కుళాయి ఎండిపోయి ఏడాది దాటింది. గల్లీ అంతా నాలుగైదు ఇళ్ళు కలిసి ట్యాంకర్ తెప్పించుకుంటారు. డీజిల్ రేటు పెరిగిన ప్రతిసారీ ట్యాంకర్ రేటూ పెరుగుతుంది. డీజిల్ తగ్గినప్పుడు మాత్రం అది తగ్గడం ఎవరూ చూడలేదు.

కనీజ్ ట్యాంకర్ నడిపే షేర్‌దిల్‌కి ఫోన్ చేసింది.

"బాజీ, ఇవాళ నన్నడక్కు. మంత్రిగారి డ్యూటీ. ట్యాంకర్లన్నీ పట్టుకుపోయారు."

"ఇక్కడ మయ్యత్ ఉందిరా తమ్ముడూ, స్నానం చేయించాలి. మధ్యాహ్నం జుహర్ నమాజు తర్వాత మట్టి ఇవ్వాలి. సగం ట్యాంకరు ఇచ్చినా చాలు."

"నా చేతిలో లేదు బాజీ," అని పెట్టేశాడు.

కనీజ్, గుల్ బీబీ ఇద్దరూ బకెట్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. కాదన్నవాళ్ళు లేరు. కానీ ఎవరింట్లో మాత్రం ఏముంది? ఒకరు చెంబుడు పోశారు, ఒకరు సగం బిందె ఒంచారు. మూలింటావిడ మనవడి పాలకని దాచిన సీసా నీళ్ళు తెచ్చి చేతిలో పెట్టింది. కనీజ్ తీసుకోలేకపోయింది. బోరున్న ఇంటివాళ్ళు కావలసినన్ని తీసుకెళ్ళమన్నారు గానీ అవి ఉప్పు నీళ్ళు, పైగా మురుగు వాసన. అలా పోగైన నీళ్ళు ఒక బకెట్ కూడా నిండలేదు. పైన మట్టి తేలుతోంది.

గుల్ బీబీ ఆ బకెట్ వంక చూసి గోడకి ఆనుకుని కూలబడింది. పొద్దుట్నుంచీ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

"నలభై ఏళ్ళు ఈ ఇల్లు కడిగింది బాజీ మా అత్త. పోయేటప్పుడు ఆమెని కడగడానికి గుక్కెడు నీళ్ళు లేవు. జర్వలీ వచ్చి అడిగితే ఏం చెప్పను?" జర్వలీ ఆమె భర్త, లారీ డ్రైవరు. తల్లికి బాగాలేదని అర్ధరాత్రి ఫోనందుకుని క్వెట్టా రోడ్డు మీదనుంచి పరుగున వస్తున్నాడు.

కనీజ్‌కి వచ్చింది ఏడుపు కాదు, కోపం. నీళ్ళ ఆఫీసుకి తను ఎన్నిసార్లు తిరిగిందో గుర్తొచ్చింది. ఆఖరిసారి వెళ్ళినప్పుడు అక్కడి గుమాస్తా తెరవైపు చూస్తూ, "మీ లైనుకి సప్లై ఉన్నట్టే కంప్యూటర్‌లో ఉంది బీబీ," అన్నాడు. "అయితే బిందె తెచ్చి ఆ కంప్యూటర్ కింద పెట్టమంటావా నాయనా?" అని ఈమె అడిగింది. వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. గుమాస్తా కూడా నవ్వాడు. బిల్లు కట్టించుకుని పంపించాడు.

"లే గుల్ బీబీ," అంది. "పెద్ద రోడ్డు మీదికి పోదాం. ఏ ట్యాంకరన్నా ఆపుదాం." గుల్ బీబీ ఆ బకెట్టు కూడా పట్టుకుని లేచింది.

పెద్ద రోడ్డు పెళ్ళివారి వీధిలా ఉంది. షామియానా, మైకులు, రంగు కాగితాల తోరణాలు. ఇంటింటికీ మంచినీరు అని ఎర్రటి అక్షరాలతో గోడంత బ్యానరు. దాని కింద కొత్త పైపు, పైపుకి రిబ్బను. మధ్యాహ్నం మంత్రిగారొచ్చి ప్రారంభిస్తారట. ఆయన కారు మీద దుమ్ము పడకుండా రోడ్డు తడుపుతున్నారు. ముందు ఒక ట్యాంకరు, వెనక ఇంకోటి, నెమ్మదిగా కదులుతూ రెండువైపులా నీళ్ళు చిమ్ముతున్నాయి. తారు మీద పడ్డ నీళ్ళు పొగలు కక్కుతూ ఇగిరిపోతున్నాయి. తడి ఆరినచోట మళ్ళీ తడుపుతున్నారు.

గుల్ బీబీ వంగి రోడ్డు మీది తడిని వేలితో తాకి నాలిక మీద పెట్టుకుంది.

"తియ్యటి నీళ్ళు బాజీ," అంది.

ఆ తర్వాత తనేం ఆలోచించిందో కనీజ్ ఎప్పటికీ చెప్పలేకపోయింది. కాళ్ళు వాటంతటవే నడిచాయి. వెళ్ళి ముందు ట్యాంకరుకి ఎదురుగా, నడిరోడ్డు మీద నిలబడింది. బ్రేకు కీచుమంది. పైనుంచి తొంగిచూసింది షేర్‌దిలే.

"బాజీ! పిచ్చా నీకు? తప్పుకో!"

"నీళ్ళు ఆపు."

"నా బతుకు పోతుంది బాజీ. ఓనరు చంపేస్తాడు."

"జైతూన్ ఖాలా నీకు ఎన్నిసార్లు అన్నం పెట్టింది షేర్‌దిల్? గడప మీద కూర్చోబెట్టి, బిడ్డలా వడ్డించేది. ఆమెకి స్నానం చేయించడానికి నీళ్ళు లేవురా. నువ్విక్కడ దుమ్ముకి స్నానం చేయిస్తున్నావు. పోనిస్తావా? పోనీ. నా మీంచే పోనీ."

జనం మూగారు. షామియానా దగ్గర్నుంచి మిన్హాజ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. కాలనీలో పార్టీ పనులు చూసేది అతనే. ఎన్నికలప్పుడు ప్రతి ఇంట్లోనూ టీ తాగినవాడు. ఇస్త్రీ బట్టలు చెమటకి ఒంటికి అతుక్కుపోయాయి.

"కనీజ్ బాజీ, ఇది సమయమా చెప్పండి? ఇవాళ్టితో మన కష్టాలు తీరుతున్నాయి. సాయంత్రం కానివ్వండి, మీ గల్లీకి నేనే స్వయంగా రెండు ట్యాంకర్లు పంపిస్తాను. నా మాట."

"సాయంత్రం దాకా శవం ఆగుతుందా మిన్హాజ్? ఈ ఎండలో?"

"అయ్యో, నాకు బాధ లేదా? కానీ మంత్రిగారు..."

"మంత్రిగారి మీద దుమ్ము పడితే దులుపుకుంటాడు. బతికున్నాడుగా!"

చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరో ఫక్కున నవ్వారు. ఇంకెవరో "బాజీ చెప్పింది నిజం" అని అరిచారు. కాపలా ఉన్న పోలీసు లాఠీ ఊపుతూ ముందుకొచ్చాడు. గుల్ బీబీ మట్టినీళ్ళున్న ఆ బకెట్టుని అతని బూట్ల ముందు ఠపీమని పెట్టింది.

"దీంతో మీ అమ్మకి స్నానం చేయిస్తావా? చెప్పు. చేయిస్తానంటే మేం పోతాం."

పోలీసు బకెట్‌లోకి చూశాడు. లాఠీ కిందికి దిగింది.

షేర్‌దిల్ ఇంజను ఆపాడు. మెల్లగా దిగి, తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "నేను టీ తాగడానికి పోతున్నా," అన్నాడు ఎవరి వంకా చూడకుండా. "గొట్టం వెనక ఉంది. వాల్వు కుడివైపుకి తిరుగుతుంది."

గల్లీ ఆడవాళ్ళు ఎలా తెలుసుకున్నారో గానీ క్షణాల్లో వచ్చిపడ్డారు. బకెట్లు, బిందెలు, నూనె డబ్బాలు, ఒకావిడ చేతిలో ప్రెషర్ కుక్కరు. మొదటి నీళ్ళు జైతూన్ ఖాలాకి పంపించారు. ఆ తర్వాత ఎవరూ ఎవరినీ ఆపలేకపోయారు. వెనకున్న ట్యాంకరు వాడు పరిస్థితి చూసి తనే వాల్వు తిప్పి నీళ్ళు వదిలాడు. మిన్హాజ్ ఫోను చెవికి పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ ఉండిపోయాడు.

కనీజ్ తలుపు మూసి జైతూన్ ఖాలాకి స్నానం చేయించింది. గుల్ బీబీ నీళ్ళు పోస్తుంటే, నెరిసిన ఆ జుట్టుని విడదీసి, మూడుసార్లు కడిగి, జడలు అల్లింది. చాలా కాలం తర్వాత మొదటిసారి, నీళ్ళు తగ్గించి పొయ్యమని చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

జుహర్ తర్వాత జనాజా లేచింది. ఆడవాళ్ళు మేడల మీదికెక్కారు. శ్మశానానికి పోవాలంటే పెద్ద రోడ్డు దాటాలి. సరిగ్గా అప్పుడే పోలీసులు తాడు కట్టారు. మంత్రిగారి బండ్లు వస్తున్నాయట, అవి పోయేదాకా ఎవరూ దాటకూడదట. భుజాల మీద పాడెతో మగవాళ్ళు ఎండలో నిలబడిపోయారు. క్వెట్టా రోడ్డు దుమ్ము ఇంకా ఒంటి మీదే ఉన్న జర్వలీ తల్లి తలవైపు పట్టుకుని ఉన్నాడు. వెనక కొమ్ము అఖ్లాఖ్ భుజం మీద ఉంది.

కనీజ్ పిట్టగోడ పట్టుకుని చూస్తోంది. బండ్లు ఎంతకీ రాలేదు. ఒక ముసలాయన సొమ్మసిల్లి కూర్చుండిపోయాడు. అప్పుడు వినబడింది ఒక గొంతు. ముందు ఆమె పోల్చుకోలేకపోయింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన అరవగా వినలేదు.

"తియ్యండి తాడు! బతికున్నవాళ్ళని ఎలాగూ ఆపారు. చచ్చినవాళ్ళని కూడా ఆపుతారా? తియ్యండి! నడవండయ్యా, నడవండి!"

అఖ్లాఖ్ అడుగు వేశాడు. పాడె కదిలింది. వెనక వందమంది కదిలారు. తాడు తెగిందో, పోలీసులే వదిలేశారో మేడ మీదకి కనిపించలేదు. అదే సమయానికి మలుపు తిరిగిన నల్లకార్లు వరసగా ఆగిపోయాయి. చివరి మనిషి రోడ్డు దాటేదాకా అవి అక్కడే, ఎగిరే దుమ్ములో నిలబడ్డాయి. మేడ మీద గుల్ బీబీ కనీజ్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సాయంత్రం షేర్‌దిల్‌ని పోలీసులు పట్టుకుపోయారు. ప్రభుత్వ నీళ్ళు దొంగతనం చేయించాడని కేసట. కబురు తెలిసి కనీజ్ చెప్పులేసుకుంది. అఖ్లాఖ్ సర్దుకుందామంటాడని అనుకుంది. ఆయన టోపీ పెట్టుకుని ముందు నడిచాడు. గల్లీ ఆడవాళ్ళు వెంట వచ్చారు.

స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ తల పట్టుకున్నాడు. "ఇంతమంది ఎందుకొచ్చారు? ఇదేమన్నా పెళ్ళా?"

"దొంగలం వచ్చాం సాహెబ్," అంది కనీజ్. "నీళ్ళు తీసుకుంది మేము. అతను టీ తాగుతున్నాడు. రాసుకోండి. కనీజ్ ఫాతిమా, రహ్మత్ కాలనీ."

"గుల్ బీబీ," అంది పక్కనే ఉన్న గుల్ బీబీ. వెనకున్నవాళ్ళు ఒక్కొక్కరే పేర్లు చెప్పడం మొదలుపెట్టారు.

"ఆగండాగండి! ప్రభుత్వ ఆస్తి అది, తెలుసా?"

"నెలనెలా బిల్లు కట్టాం సాహెబ్. ఏడాది పైగా. చుక్క రాలేదు. కట్టినవాళ్ళం ఇవాళ మా నీళ్ళు మేం తీసుకున్నాం. డబ్బు తీసుకుని సరుకివ్వనివాణ్ణి ఏమంటారో మీకు తెలియదా? వాడి మీద రాయండి కేసు. మేం సాక్షి సంతకాలు పెడతాం."

ఇన్‌స్పెక్టర్ చాలాసేపు ఫోన్లో ఎవరితోనో గొణిగాడు. బయట వసారాలో ఆడవాళ్ళు కదలకుండా కూర్చున్నారు. చివరికి షేర్‌దిల్‌ని వదిలిపెట్టారు. చెంప వాచి ఉంది. ట్యాంకరు ఓనరు అతన్ని అప్పటికే పనిలోంచి తీసేశాడు. కనీజ్‌కి అతని మొహం చూడబుద్ధి కాలేదు.

"నా వల్లే తమ్ముడూ."

"నువ్వేం చేశావు బాజీ? వాల్వు సంగతి నేనేగా చెప్పింది," అని చెంప తడుముకున్నాడు. ఇప్పుడతను అద్దెకి తెచ్చుకున్న గాడిదబండి మీద కూరగాయలమ్ముతున్నాడు. గల్లీవాళ్ళు అతని దగ్గర తప్ప ఇంకెక్కడా కొనరు.

కొత్త పైపులో నీళ్ళు టీవీవాళ్ళున్నంత సేపూ వచ్చాయి, మర్నాడు సన్నగా వచ్చాయి, ఆపైన రాలేదు. ఆ తర్వాతి నెల బిల్లులో మాత్రం కొత్త లైను ఛార్జీ అని ఇంకో వరస చేరింది. గల్లీలో ఎవరూ కట్టలేదు. కట్టకపోతే కనెక్షన్ కోసేస్తామని కబురు పంపారు. ఒక పొద్దున నిజంగానే ఆఫీసు నుంచి మనిషొచ్చాడు, చేతిలో రెంచీతో.

కనీజ్ లోపల్నుంచి పార తెచ్చి అతనికి అందించింది.

"లోతుగా తవ్వు నాయనా. పైపు బయటికి తీసి, అందరి ముందూ కొయ్యి. లోపల ఏముందో గల్లీ అంతా చూస్తుంది."

తలుపులన్నీ తెరుచుకున్నాయి. అఖ్లాఖ్ వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. వచ్చినవాడు పార వంకా, గుమ్మాల్లో నిలబడ్డ మనుషుల వంకా చూశాడు. కుర్చీ వేస్తే కూర్చుని పాలు లేని టీ తాగాడు.

"మా ఇంట్లో కూడా రావట్లేదమ్మా," అన్నాడు గ్లాసు కింద పెడుతూ. "నేనూ ట్యాంకరే కొంటున్నా."

"అయితే వెళ్ళి అది చెప్పు మీ సాహెబ్‌కి," అంది కనీజ్. "మేం కూడా వస్తాం, పద."

ఆ రోజు గల్లీ అంతా అతని వెనక నీళ్ళ ఆఫీసుకి నడిచింది. లోపలికి రానివ్వలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళారు.