ఇనుప గుండుకు బేకన్ కొవ్వు

ఓటీలియా పొద్దున్నే సంచి సర్దుతోంది. ప్రయాణం ఆవుది.

నీలం గళ్ల దుప్పటి, వీపు రుద్దే బ్రష్షు, ఎండబెట్టిన ఆపిల్ ముక్కల పొట్లం పెట్టింది. మెడగంట పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. కొత్త చోట గంట మోగితే పక్క ఆవులకు నిద్ర పట్టకపోవచ్చు. పట్టకపోతే అవి ఫ్లోరాను పొడవవచ్చు. గంట తీసేసింది. గంట లేకపోతే ఫ్లోరాకే నిద్ర పట్టదు కదా అనిపించి, దాన్ని దుప్పటిలో చుట్టి అడుగున దాచింది.

"ఏమే, ఆవుకు సంచేమిటే?" అన్నాడు రైన్‌హోల్డ్, పొయ్యి పక్కన కూర్చుని బూట్లు తొడుక్కుంటూ. "పళ్లు తోముకునే బ్రష్షు కూడా పెట్టావా?"

"దానికి పళ్లెక్కడున్నాయయ్యా? నీకున్నన్నే దానికీ ఉన్నాయి."

ఫ్లోరా పాలివ్వడం మానేసి చాలాకాలమైంది. ఆ చలికాలం గడ్డి తక్కువ పడింది. గురువారం పట్నంలో జరిగే పశువుల వేలానికి దాన్ని తోలుకుపోతానని రైన్‌హోల్డ్ తేల్చేశాడు. వట్టిపోయిన ముసలావును వేలంలో ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో ఓటీలియాకు తెలుసు. తెలిసే సంచి సర్దుతోంది. ఆమె చిన్నప్పుడు అన్న ఆంటన్ "ఒక్క పూట పనేగా, సంచెందుకు?" అని చేతులూపుకుంటూ గడప దాటాడు. అంతే, మళ్లీ కనబడలేదు. ఆనాటినుంచి తన ఇంట్లో ఎవరు ఎక్కడికి బయల్దేరినా సంచి ఆమే సర్దుతుంది. బాగా సర్దిన సంచి మనిషిని వెనక్కి లాక్కొస్తుందని ఆమె గట్టి నమ్మకం. ఆవు విషయంలో అది పనిచేస్తుందో లేదో ఇంతవరకూ చూసే అవసరం రాలేదు.

తలుపు తోసుకుని ఎగిడియస్ వచ్చాడు. పక్క పొలం బ్రహ్మచారి. ఆ ఇంట్లో కాఫీ తాగనిదే అతనికి తెల్లవారదు. తన పశువులన్నిటినీ ఏనాడో అమ్మేసినా, గురువారం గురువారం వేలానికి మాత్రం తప్పకుండా వెళ్తాడు. ఇవాళ గడ్డం నున్నగా గీసి, ముత్యపు గుండీల చొక్కా తొడిగి, గది గదంతా వాసన కొట్టేలా ఏదో పూసుకొచ్చాడు.

"ఏరా, నిన్ను కూడా వేలానికి పెట్టమంటావా?" అన్నాడు రైన్‌హోల్డ్.

"పెట్టు. నీ ఆవుకంటే నాలుగు డాలర్లు ఎక్కువే పలుకుతాను. వదినా, కాఫీ!"

ఓటీలియాకు అతని చొక్కా మీద ధ్యాస లేదు. ఆమె చెవులు కొట్టంలో అరుస్తున్న ఫ్లోరా మీదున్నాయి.

ముగ్గురూ పెరట్లోకి వచ్చారు. ఊపిరి మీసాల మీదే గడ్డకట్టే చలి. పికప్ ట్రక్కు వెనక తొట్టిలో కొట్టంలోని పిల్లులన్నీ చేరి, మధ్యలో దేన్నో శ్రద్ధగా నాకుతున్నాయి.

అక్కడే ఉంది అసలు సంగతి. పశువుల ట్రైలర్‌కు బాతు మెడలాంటి పొడుగాటి మెడ ఉంటుంది. అది ట్రక్కు తొట్టి మీదుగా వంగి వచ్చి, తొట్టి నడిమధ్యనున్న ఇనుప గుండు మీద కూర్చోవాలి. పని లేనప్పుడు ఆ గుండును పైకి తీసి, తలకిందులు చేసి, దాని గుంటలోనే దించేస్తారు. రైన్‌హోల్డ్ గుండు కోతలప్పుడు తలకిందులై, ఇప్పటికీ అలాగే ఉంది.

అతను పిల్లుల్ని అదిలించి, చక్రం పక్కనున్న గొళ్లెం లాగి, పైకి కనబడుతున్న గుండు కాడ పట్టుకుని లాగాడు. గుండు రాలేదు. రెండు చేతులతో లాగాడు. ముఖం బీట్‌రూట్ రంగుకు తిరిగింది. గుండు మాత్రం తన రంగులోనే ఉంది, అది తుప్పు రంగు.

ఓటీలియా కోటు జేబులో జపమాల గట్టిగా పట్టుకుంది. 'రాకు తల్లీ, రాకు' అనుకుంది ఇనుప గుండుతో.

"చలికాలమంతా దాన్ని ఒక్కసారైనా తీసి తిప్పావా?" అడిగాడు ఎగిడియస్.

"తిప్పడమెందుకు? బాగా పూశానుగా!"

"రోడ్డు మీద మంచు కరగడానికి బస్తాలకొద్దీ ఉప్పు చల్లుతున్నారు. ఆ ఉప్పు బురదంతా చక్రాలు ఎగజిమ్మి తొట్టిలో పోస్తాయి. అది కడిగావా?"

"పూశానంటుంటే!"

"ఏం పూశావురా?"

రైన్‌హోల్డ్ వెళ్లి సుత్తి తెచ్చాడు. సుత్తి దెబ్బకు పిల్లులు చెదిరాయి, గుండు చెదరలేదు. తరవాత వేడినీళ్లు తెమ్మన్నాడు. ఓటీలియా ఎన్నడూ లేనంత హుషారుగా లోపలికి పరుగెత్తి, పొయ్యి మీదున్న కెటిల్ తెచ్చి మొత్తం గుంటలో గుమ్మరించింది. ఆవిరి గుప్పున లేచింది. ముగ్గురూ వంగి చూశారు. చూస్తుండగానే నీళ్లు తెల్లబడి, బిగిసి, అద్దంలా మెరిశాయి.

"భేష్ వదినా," అన్నాడు ఎగిడియస్. "ఇందాక తుప్పు ఒక్కటే పట్టుకుంది. ఇప్పుడు మంచు కూడా పట్టుకుంది."

"ఇంకో కెటిల్ తేనా?" అంది ఓటీలియా.

"నువ్వు కదలకు!" అని రైన్‌హోల్డ్ అరిచాడు.

ఎగిడియస్ గుంట అంచున మిగిలిన పసుపుపచ్చ జిడ్డును వేలితో గీకాడు. వాసన చూశాడు. అటూ ఇటూ చూసి నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఒరే రైన్‌హోల్డ్. ఇది బేకన్‌రా."

"బేకన్ కొవ్వే. పంది మాంసం వేయించినప్పుడు కారింది పొయ్యి పక్కన డబ్బానిండా ఉంటుందిగా, ఆదివారం ఆదివారం పట్టించాను. కొట్లో గ్రీజు డబ్బా ఎంతో తెలుసా నీకు?"

"బేకన్‌ను దేంట్లో ఊరబెడతారు?"

రైన్‌హోల్డ్ సుత్తి కింద పెట్టాడు.

"ఉప్పులో!" అన్నాడు ఎగిడియస్, ఆకాశానికి సాక్ష్యం చెబుతున్నట్టు. "రోడ్డు ఉప్పు అంటకుండా వంటింటి ఉప్పు పూశాడు! కొవ్వు పిల్లులు తిన్నాయి, ఉప్పు ఇనుము తింది. చర్చిలో నీ పక్కన కూర్చోవాలంటే నాకు సిగ్గుగా ఉందిరా."

ఓటీలియా మాత్రం లోలోపల పొంగిపోయింది. ట్రక్కు కదలదు. ఫ్లోరా కదలదు. సంచి విప్పేయవచ్చు. ఆ మాట పైకి రాకుండా పెదవులు బిగబట్టుకుని, పిల్లుల్ని ప్రేమగా చూసింది.

అప్పుడు ఎగిడియస్ తన ట్రక్కు దగ్గరికి నడిచాడు. అతని తొట్టి మధ్యలో, మంచులో పూచిన పువ్వులా ఒక పచ్చటి టెన్నిస్ బంతి. దాన్ని కోసి గుండుకు టోపీలా తొడిగాడు. రెండు వేళ్లతో టోపీ తీస్తే లోపల గుండు నల్లగా, గ్రీజుతో తళతళలాడుతోంది. గొళ్లెం లాగి ఒంటిచేత్తో గుండును పైకి తీసి చూపించి, మళ్లీ దించాడు. చప్పుడు కూడా కాలేదు.

"పట్నం నుంచి రాగానే కడుగుతాను. పొడిగుడ్డతో తుడుస్తాను. గ్రీజు పూస్తాను. బంతి తొడుగుతాను. నెలకోసారి తీసి తిప్పుతాను. అంతే! నా ఇనుము మీద ఈగ వాలినా జారిపోవాలి." బంతి జేబులో పెట్టుకున్నాడు. "పద, నీ ట్రైలర్ నా బండికి తగిలిద్దాం. ఎలాగూ అటే వెళ్తున్నానుగా."

ఓటీలియా చూపు పిల్లుల మీంచి కొట్టం వైపు తిరిగింది.

ఫ్లోరా ట్రైలర్ ఎక్కే ముందు ఆగి, ఎగిడియస్ ట్రక్కు వెనక తలుపు మీది ఉప్పును తీరిగ్గా నాకింది. ఓటీలియా దాని మెడ కౌగిలించుకుంది. సంచి ట్రైలర్ కొక్కేనికి తగిలించి, ఎగిడియస్ చొక్కా చెయ్యి పట్టుకుంది.

"ఎడమ చెవి వెనక గోకమని చెప్పు నాయనా, ఎవరు కొంటే వాళ్లకి. కుడిపక్క గోకితే దానికి కోపం."

"అలాగే వదినా."

"నీక్కూడా చిన్న సంచి సర్దనా? రొట్టె, రెండు మేజోళ్లు..."

"ఒక్క పూట పనేగా, నాకు సంచెందుకు?" అని నవ్వి, అతను బండెక్కాడు. రైన్‌హోల్డ్ పక్కన ఎక్కాడు. ఫ్లోరా అరుపు మలుపు తిరిగేదాకా వినబడింది. ఆ అరుపులో పడి, ఆ మాట ఇంతకుముందు ఎక్కడ విన్నదో ఆమెకు తట్టలేదు.

మధ్యాహ్నం ఆమె బంగాళాదుంపలు, పిండి ఉండలు వేసి క్నెఫ్లా సూప్ కాచింది. ముగ్గురికీ గిన్నెలు పెట్టింది. గాలి తలుపు కొట్టినప్పుడల్లా లేచి చూసింది. ఖాళీ కొట్టం వైపు కిటికీకి తెర లాగేసింది.

పొద్దు వాలుతుండగా ట్రైలర్ గడగడ వినబడింది. ఖాళీ ట్రైలర్ చప్పుడు ఆమెకు తెలుసు. ఇది ఆ చప్పుడు కాదు. చెప్పులతోనే మంచులోకి పరుగెత్తింది. ట్రైలర్ చువ్వల మధ్యనుంచి ఫ్లోరా ముక్కు బయటికి పెట్టి అరిచింది. మెడలో గంట ఉంది.

రైన్‌హోల్డ్ దిగి, ఆమెను చూడకుండా టైర్లు చూశాడు.

"ఏమైందయ్యా?"

"ఏముంది? బోనులోకి వెళ్లి నా మొహం చూసి అరిచింది. ముక్కు చీదుకుందామని చెయ్యెత్తాను. వేలంవాడు అది నా పాట అనుకున్నాడు."

"నీ ఆవును నువ్వే పాడుకున్నావా?"

"జలుబే ఓటీ. చలిగా లేదూ?"

"ఎన్నిసార్లు చీదావు?"

"వాళ్లు ఊరుకునేదాకా చీదాను."

ఆమె నవ్వింది, ఏడ్చింది, ఫ్లోరాను ఎడమ చెవి వెనక గోకింది. అప్పుడు చూసింది, బండిలో ఇంకెవరూ లేరు. రైన్‌హోల్డ్ జేబులోంచి టెన్నిస్ బంతి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"వేలం క్యాంటీన్‌లో వండే వాల్‌బుర్గా లేదూ? ఆవిడ ఇవాళ పని మానేసి అరిజోనా బయల్దేరింది, చెల్లెలి దగ్గరికి. కారు స్టార్టు చేసింది. వీడు కాఫీ కప్పు కింద పెట్టి, వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాడు."

"ఎందుకు?"

"అదే అడిగాను. అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లరట. ఇనుముకు తుప్పే పట్టదట."

"అంతేనా?"

"ఎర్రబడ్డాడు కూడా. బండి నన్ను ఉంచుకోమన్నాడు. బేకన్ కొవ్వు తగిలిస్తే మాత్రం వచ్చి చంపుతానన్నాడు."

ఓటీలియా మూడో గిన్నెలో సూప్‌ను రాత్రంతా పొయ్యి మీద వెచ్చగా ఉంచింది. మర్నాడు అతని గుండును వేడి గుడ్డతో కడిగి, తుడిచి, మంచి గ్రీజు పూసి, బంతి తొడిగింది. ఆ తరవాత చలికాలాలన్నిటా అలాగే చేసింది. ఆ గుండు మీద ఈగ వాలినా జారిపోయేది. కొక్కేనికి అతని కోసం ఒక సంచి కూడా తగిలించింది. అందులో రొట్టె మారుస్తూ ఉండేది, మేజోళ్లు అవే.

సంచి పట్టుకుని వెళ్లిన ఫ్లోరా ఆ సాయంత్రమే ఇంటికి వచ్చింది. ఎగిడియస్ ఈస్టర్ ఉపవాసాలకు ముందు వచ్చిన గురువారం పొద్దున వెళ్లాడు, తిరిగి రాలేదు.