తినే పోయిండు

మా ఆయన వెంకటనారాయణ కడుపులో ఒక్క మెతుకు కూడా లేదని ఖమ్మం కోర్టులో డాక్టరు చెప్పినప్పుడు మా అత్తమ్మ బుల్లెమ్మ తల దించుకుంది. నేను పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాను. కట్టుకున్నవాడి కడుపు గురించి పరాయివాళ్ళు అంత వివరంగా మాట్లాడుకుంటుంటే ఏడుపు రావాలి. రాలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది.

ఆయన్ను కాలువ గట్టున గొడ్డలితో నరికింది పక్కచేను చెంచురామయ్య. గొడవ నీళ్ళ వంతు దగ్గర. చూసింది అత్తమ్మ ఒక్కతే. నేను జూలూరుపాడులో పుట్టింట ఉన్నాను. "నా కొడుకు ఇంట్ల కడుపునిండ తిని పోయిండు. పోయిన కాసేపటికే చెంచురామయ్య నరికిండు. నా కండ్లతో చూసిన" అని ఆమెది మొదటి నుంచీ ఒకటే మాట.

చెంచురామయ్య వకీలుకు అంతకంటే ఏం కావాలి? కడుపునిండా తిన్న అన్నం కాసేపట్లో ఎక్కడికి పోతుందన్నాడు. ఎప్పుడో ఎవరో చంపితే ఈమె చూశానంటోందన్నాడు. కొడుకు తినే వెళ్తే ఎర్రటి ఎండలో ముసలామెకు చేను దగ్గర ఏం పని అని అంతకుముందు ఆమె బోనులో ఉన్నప్పుడే అడిగాడు. "ఊరికే పోయిన" అంది అత్తమ్మ. జనం నవ్వారు.

సర్కారు వకీలు సర్వర్ సాబ్ మమ్మల్ని వరండాలోకి పిలిచాడు. "అమ్మా, కండ్లతో చూసినోళ్ళ మాటకే జడ్జిగారు ముందు విలువిస్తరు. డాక్టరుది అంచనా. గానీ చూసినోళ్ళ మాట ఒక్కకాడ తప్పయితే, అంతా తప్పేనేమో అనుకుంటరు. నిన్ను మళ్ళ పిలిపిస్త. జరిగింది జరిగినట్టు చెప్పు."

మా ఊరు బూర్గంపాడుకు తిరిగి వెళ్ళే బస్సులో ఆ మాట నేనే కదిపాను. చావు కబురు విని వచ్చిన రోజున వంటింట్లో సొట్టపడ్డ టిఫిన్ క్యారియర్ చూశాను. గిన్నెల సందుల్లో కాలువ మట్టి ఇంకా ఉంది. "అన్నం పట్టుకొని పోయినవ్ గద అత్తమ్మా?"

అత్తమ్మ కిటికీ వైపు తిరిగి చెప్పింది. "కంచం ముందట కూసున్నడు. చెంచురామయ్య మన నీళ్ళు మళ్ళించుకుంటుండని తెలిసింది. తిని పోత అన్నడు. మొగోడివైతే ముందు నీళ్ళు తిప్పి రా, తర్వాతనే కూడు అన్న. కూటి ముందటి నుంచి లేపిన బిడ్డా. మనసొప్పక ఎనకనే క్యారియర్ కట్టుకొని ఉరికిన."

పగవాణ్ణి కూడా కూటి ముందు నుంచి లేపరు. నాకు కోపం వచ్చింది. వచ్చినంత తొందరగానే పోయింది. "గిదే చెప్పు అత్తమ్మా. వానికి శిక్ష పడ్తది" అన్నాను. అవ్ అన్నట్టు తలూపింది.

వాయిదా నాడు సర్వర్ సాబ్ మెల్లగా అడిగాడు. "అమ్మా, ఆ రోజు నీ కొడుకు తిని పోయిండా, తినకుండ పోయిండా?"

ఎదురుగా చెంచురామయ్య. వెనక మా ఊరి జనం. అత్తమ్మ నా వైపు ఒకసారి చూసి బోను కర్ర పట్టుకుంది.

"తినే పోయిండు" అంది. "పెరుగేసుకొని తిన్నడు. నేనే మారు వడ్డించిన."

సర్వర్ సాబ్ కాగితాలు మడిచి కూర్చున్నాడు.

తీర్పు ఇంగ్లీషులో చదివారు. సర్వర్ సాబ్ నాకు తెలుగులో చెప్పాడు. తల్లి మాట డాక్టరు మాటతో పొసగలేదట. ఆమె అక్కడ ఉందనే నమ్మలేమట. చచ్చిపోయినాయన ఆ పూట ఏమీ తినలేదన్నది మాత్రం ఖాయమట. చెంచురామయ్యను వదిలేశారు. అతను మా పక్కనుంచే మెట్లు దిగి వెళ్ళాడు. వాణ్ణి చీల్చేయాలనిపించాలి. నాకు దాహం వేసింది, అంతే.

మెట్ల మీద కూలబడిన అత్తమ్మ నా కొంగు పట్టుకుంది.

"నిర్మలా, వాడు తిన్నడని కాయితంల రాసిండ్రా?"

"రాసిండ్రు అత్తమ్మా" అన్నాను.